పిడికెడు బియ్యంతో వేసిన దారి

మొన్న సమాధుల పండుగకి మా పల్లెకి వెళ్ళాను. తెనాలిలో బస్సెక్కి చెరుకుపల్లిలో దిగి, అక్కణ్ణుంచి ఆటో. ఒళ్ళో సున్నం డబ్బా, కుంచె, బంతిపూల సంచి, కొవ్వొత్తుల పొట్లం. ఆటో అతను అద్దంలోంచి చూసి, "ఏంటి మామ్మగారూ, ఇంటికి వెల్ల వేస్తన్నారా?" అని అడిగాడు. "అవునయ్యా, మా అత్త ఇంటికి" అన్నాను. అబద్ధమేమీ కాదు. మా వైపు క్రైస్తవుల పల్లెల్లో ఏడాదికొకసారి సమాధులకి సున్నం కొట్టి, పూలు పెట్టి, పొద్దుగూకే వేళ కొవ్వొత్తులు వెలిగించి వస్తాం. పోయిన ఏడు దాకా సమాధుల తోటకి మట్టిదారే ఉండేది. ఈసారి చూస్తే సిమెంటు రోడ్డు పడింది. సంతోషించాను. రోడ్డు మొదట్లో ఒక పాలరాతి పలక నిలబెట్టారు. పైన నాయకుల పేర్లు, వాటి కింద పెద్ద పెద్ద నల్లటి అక్షరాలతో 'స్థలదాత' అనీ, ఆ పక్కన కీర్తిశేషులైన మా ఊరి పెద్ద ఆసామి పేరూ. ముప్పై అయిదేళ్ళు పిల్లల నోటుబుక్కులు దిద్దినదాన్ని, తప్పు కనబడితే నాకు చెయ్యి దురద పెడుతుంది. ఆ పలకలో అక్షరదోషం ఒక్కటీ లేదు. ఉన్నదల్లా అబద్ధం. నాకు బీపీ ఉంది, కోపం తెచ్చుకోవద్దన్నాడు డాక్టరు. ఆయన ఆ పలక చూడలేదు కాబట్టి అలా అన్నాడు.

దారి ఎవరు ఇచ్చారో, ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు మా అత్త సంగతి చెప్పాలి. అత్త అంటే మా నాన్నకి అక్క. మూడు పల్లెలకి ఆవిడ ప్రార్థనమ్మ. పాస్టరుగారు ఆదివారం చర్చిలో చెప్పిన మాటని మిగతా ఆరు రోజులూ ఇల్లిల్లూ మోసుకెళ్ళడం ఆవిడ పని. పొట్టి మనిషి. నీలం అంచు తెల్లచీర, కాళ్ళకి టైరు చెప్పులు, చంకలో గుడ్డసంచి. సంచిలో ఒక అరలో వాక్యం, అదే బైబిలు, రెండో అరలో వక్కాకు. వక్కాకు సంగతి పాస్టరుగారికి తెలియదని ఆవిడ నమ్మకం. ఎర్రటి నోటితో ఆయనకి ఎదురుగా నిలబడి మాట్లాడుతూ ఎలా నమ్మేదో మరి. పాట ఎత్తుకుందంటే హార్మోనియం ఒక దారి, ఆవిడ ఒక దారి. ప్రార్థన మొదలుపెడితే పక్కింటి చంటిపిల్ల దగ్గర్నుంచి ఢిల్లీలో ప్రధానమంత్రి దాకా అందరి క్షేమమూ అడిగితే గాని ఆమెన్ అనేది కాదు. ఈలోగా కంచాల్లో అన్నం చల్లారిపోయేది. ఆ ప్రార్థన కూడా ఒక కన్ను మూసి, ఇంకో కంటితో పిల్లిని కనిపెట్టుకుంటూ చేసేది. "మీ అత్తకి ఒక కన్ను దేవుడి మీద, ఒక కన్ను చేపలకూర మీద" అని ఆవిడ భర్త, మా మావయ్య, ఎగతాళి చేసేవాడు.

శనివారం శనివారం ఆవిడ పిడికెడు బియ్యానికి తిరిగేది. ఇది తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. పల్లెలో ప్రతి ఇంట్లోనూ పొయ్యి పక్కన ఒక చిన్న ముంత ఉండేది. ఎసట్లో బియ్యం పొయ్యబోయే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి ఆ ముంతలో వెయ్యాలి. అది దేవుడి పాలు. కూలికి పోయే ఇళ్ళల్లో కానుక వెయ్యడానికి చిల్లర ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకని ఈ పద్ధతి. వారమంతా పోగైన బియ్యాన్ని అత్త సంచిలో పోసుకుని, చర్చి వెనక గదిలో ఉన్న రేకు డ్రమ్ములో పోసి, తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకునేది. ఆ బియ్యం పాస్టరుగారి భోజనానికీ, పండగలకీ. అయితే ముంత ఎత్తితే చాలు, ఆ ఇంటి పరిస్థితి అత్తకి తెలిసిపోయేది. బరువు లేని ముంత తగిలిందంటే ఏమీ మాట్లాడకుండా, వెనక్కి తిరిగి తన సంచిలోంచే రెండు పిడికిళ్ళు అందులో వేసి, "ప్రభువుకి స్తోత్రం" అని గట్టిగా అని బయటికొచ్చేది. ఆ ఇల్లాలు కూడా తనే ఇచ్చినట్టు వాకిలి దాకా వచ్చి సాగనంపేది. ఇద్దరూ పైకి ఏమీ అనుకునేవాళ్ళు కాదు.

మా మావయ్య వామి వెయ్యడంలో పనిమంతుడు. ఆయన వేసిన గడ్డివామిలోకి ఎంత వానొచ్చినా చుక్క దిగేది కాదు. ఊళ్ళో పెద్ద ఆసామి కళ్ళంలో ముప్పై ఏళ్ళు ఆయనే వామి వేశాడు. పల్లె నుంచి సమాధుల తోటకి పోయే డొంక ఆ ఆసామి పొలం మధ్యలోంచే పోతుంది. మా నాన్న చిన్నప్పుడు అందులో రెండెడ్ల బండి పోయేదట. ఆసామి ఏడాదికో నాగటిచాలు చొప్పున అటో కొంత, ఇటో కొంత కలుపుకుంటూ వచ్చాడు. బండిదారి కాలిదారి అయింది, కాలిదారి గట్టయింది. ఎవరైనా అడిగితే, "ఎడ్లకేం తెలుసయ్యా, డొంకేదో చేనేదో" అనేవాడు. ఎడ్లు మాత్రం ఎప్పుడూ ఆయన చేలోంచి మా డొంకలోకే తప్పుదారి పట్టేవి. ఒక్కసారన్నా మా వైపు నుంచి ఆయన చేలోకి పోలేదు.

నలభై ఏళ్ళ కిందట, కాలవలకి నీళ్ళొదిలి చేలు దమ్ము చేస్తున్న రోజుల్లో మావయ్య పోయాడు. నేను అప్పుడే తెనాలి దగ్గర ఒక బళ్ళో పంతులమ్మగా చేరి ఆరు నెలలయింది. కబురందుకుని సెలవు పెట్టి వచ్చేసరికి పెట్టె సిద్ధంగా ఉంది. తీసుకెళ్దామని చూస్తే డొంక లేదు. అంతకు ముందు రోజే ఆసామి ఆ చివరి గట్టుని కూడా దున్నించి దమ్ములో కలిపేశాడు. తోట దాకా మోకాలి లోతు బురదనీళ్ళే. ఆసామి చేను అంచున గొడుగు వేసుకుని నిలబడి, "దమ్ము తొక్కమాకండ్రా, చుట్టూ తిరిగి పక్క గట్టు మీద తీసుకెళ్ళండి" అన్నాడు. ఆ పక్క గట్టు జానెడుంది. పైన వాన. మోసేవాళ్ళు నలుగురు, గట్టు మీద కాలు పట్టేది ఇద్దరికి. మలుపు దగ్గర ముందున్నవాడి కాలు జారింది. పెట్టె ఒరిగి బురదలో పడింది. మూత ఊడలేదు గాని మూల చీలింది. లోపలికి నీళ్ళు పోవడం మేమంతా కళ్ళారా చూశాం. అత్త ఏడవలేదు. తెల్లచీరతో అలాగే బురదలోకి దిగి పెట్టె కింద భుజం పెట్టింది. సమాధి దగ్గర పాస్టరుగారు దేవుడి చిత్తం గురించి ప్రార్థన చేస్తుంటే, ఆయన సగంలో ఉండగానే "ఆమెన్" అని గట్టిగా అనేసింది. ఆవిడ జీవితంలో అది ఒక్కటే చిన్న ప్రార్థన.

మూడో రోజు ఆదరణ కూడిక. పోయినవాళ్ళ ఇంట్లో అందరూ కూడి, పాటలు పాడి, ఓదార్పు మాటలు చెప్పి, టీ తాగి వెళ్ళడం పద్ధతి. పాస్టరుగారు ఓదార్చడం అయిపోయాక అత్త లేచి నిలబడింది. చీర ఉతికినా బురద మరక పోలేదు, అదే కట్టుకుంది. నాట్లు వేసే ఆడవాళ్ళ ముఠా అంతా ముందు వరసలో కూర్చునుంది. ఎల్లుండి నుంచి ఆసామి చేలో నాట్లు. "మన దారి మనకి వచ్చేదాకా ఆ చేలో దిగమాకండి. మనల్ని పూడ్చుకోడానికి దారి లేని చోట మనం నారు పూడ్చేదేంటి?" అంది. ముఠామేస్త్రి మా అత్తకి వదిన వరస. ఆవిడ మెల్లిగా, "బానే ఉంది వదినా. మరి తినేదేంటి?" అంది. ఆ ప్రశ్న న్యాయమైనది. ఏడాదిలో కాస్త కడుపునిండా తినేది ఆ నాట్ల రోజుల్లోనే. అత్త కొంగు విప్పి తాళంచెవి తీసి చాప మీద పెట్టింది.

పాస్టరుగారు చాప మీంచి లేచాడు. ఆయన చెడ్డవాడు కాదు, భయస్తుడు. చర్చి పైకప్పు రేకులు ఆసామి ఇచ్చినవే, ఆ మాట ఆయన ఎప్పుడూ మరిచిపోడు. "అమ్మా, అది దేవుడి బియ్యం. కమిటీ తీర్మానం లేకుండా ముట్టుకోకూడదు" అన్నాడు. అత్త అన్న మాట ఇప్పటికీ మా పల్లెలో చెప్పుకుని నవ్వుకుంటారు. "దేవుడు బియ్యం తినడండీ అయ్యగారూ. ఇన్నేళ్ళూ మీరు తిన్నారు. ఈ పది రోజులూ పిల్లలు తింటారు." పాస్టరుగారు ముఖం ఎర్రబడి వెళ్ళిపోయాడు. పని మానిన నాలుగో నాడు పాస్టరమ్మగారు మాత్రం కొంగు చాటున చింతపండూ, ఎండుచేపలూ తెచ్చి, పల్లెంతటికీ కలిపి వండుతున్న పొయ్యి దగ్గర పెట్టి, "అయ్యగారికి తెలియదనుకోండి. ఇచ్చింది మాత్రం ఆయనే" అంది. భయపడుతూనైనా చేసిన పని పనే.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. చెప్పకపోతే నేనూ ఆ పలక చెక్కించినవాళ్ళ జాతిలో చేరతాను. రేపల్లెలో తహశీల్దారుగారికి అర్జీ పెట్టాలని అత్త నన్ను రాయమంది. అత్తకి చదవడం వచ్చుగాని రాయడం సంతకం వరకే. ముత్యాల్లాంటి అక్షరాలతో రెండు పేజీలు రాశాను. కింద అందరూ వేలిముద్రలు వేశారు. "రాసినదానివి, నీ పేరు కూడా పెట్టవే" అంది అత్త. నా చెయ్యి ఆగిపోయింది. నాకు ఉద్యోగం తెచ్చిపెట్టిన కులం కాగితంలో మతం దగ్గర 'హిందువు' అని ఉంది, మా ఇంటి గోడకి సిలువ ఉంది. దేవుణ్ణి మార్చుకుంటే కులం పోయిందని ఆ కాగితం అంటుంది, కాబట్టి ఉద్యోగమూ పోతుంది. ఆసామి మాత్రం అలా అనడు. మా మావయ్య పెట్టెని చూసినప్పుడు ఆయనకి కులం తప్ప ఇంకేమీ కనబడలేదు. ఇదంతా ఇప్పుడు దబాయించి చెబుతున్నాను గాని, ఆ రోజు "ఉద్యోగం కొత్త అత్తా, చర్చి సంఘం అర్జీలో నా సంతకం కనబడితే..." అని నసిగాను. అత్త నా ముఖంలోకి ఒక్కసారి చూసి "సరేలే" అంది. తిట్టినా బాగుండేది.

రేపల్లె దాకా తోడు వెళ్ళి, ఆఫీసులోకి పోకుండా బస్టాండులోనే కూర్చున్నాను. లోపల జరిగింది తిరుగుబస్సులో అత్తే చెప్పింది. గుమాస్తా అర్జీ తిరగేసి, "మీరు హిందువులా, క్రైస్తవులా? కాగితాల్లో ఒకటి, మెడలో ఒకటి" అన్నాడట. "చచ్చినోళ్ళకి దారి అడగడానికొచ్చామండి. వాళ్ళకి కాగితాలు లేవు" అందట అత్త. "రాత బాగుందే, రాసిందెవరు?" అని అడిగితే, "ప్రభువు రాయించాడండి" అందట. ఇది చెప్పి, వక్కాకు నోట్లో వేసుకుని, కిటికీలోంచి చేల వంక చూస్తూ కూర్చుంది. నా వంక చూడలేదు. ఆ బస్సులో నేను కూర్చున్న చోటు ఇప్పటికీ గుర్తుంది.

రోజులు గడుస్తున్నాయి. నారుమడిలో నారు ముదురుతోంది, డ్రమ్ములో బియ్యం తగ్గుతున్నాయి. ముదిరిన నారు పిలకలు వెయ్యదు. ఆ సంగతి ఆసామికి తెలుసు, మాకూ తెలుసు. ఆరో నాడు ఆయన బాపట్ల అవతలి నుంచి కొత్త ముఠాని ట్రాక్టరులో దింపించాడు. మా ఆడవాళ్ళల్లో కొందరు రాళ్ళు తీశారు. అత్త రాళ్ళు కింద పడేయించి, బిందెతో మంచినీళ్ళు, ఒక గ్లాసు పట్టుకుని చేను గట్టుకి వెళ్ళింది. నేను కూడా వెళ్ళాను, ఆ మాత్రం దూరం. వచ్చిన ఆడవాళ్ళు చీరలు ఎగదోపుకుని దిగబోతున్నారు. అత్త ఒక్కొక్కరికీ నీళ్ళు పోస్తూ, "ఎంత దూరం నుంచొచ్చారమ్మా" అని కష్టసుఖాలు అడిగింది. అందరూ తాగాక మెల్లిగా చెయ్యి చాపి, "అదిగో, ఆ మూల. మొన్న అక్కడేనమ్మా మా ఆయన పెట్టె పడింది. మూల చీలి నీళ్ళు లోపలికి పోయాయి. ఎంత లోతుందో, జాగ్రత్తగా దిగండి" అంది. అంతే. వాళ్ళల్లో ఒక పెద్దావిడ ఆ మూల వంక చూసి, ఎగదోపిన చీర దించుకుంది. తర్వాత ఒక్క కాలు కూడా చేలో పడలేదు. వచ్చిన ట్రాక్టరులోనే వెళ్ళిపోయారు. దయ్యాలు లేవని మూడు పల్లెల్లో ఊరూవాడా బోధించిన మనిషి ఇలా చెయ్యొచ్చా అని తర్వాత అడిగాను. "దయ్యం ఉందని నేనెప్పుడన్నానే? పెట్టె పడిందన్నాను. పడలేదా?" అంది.

తొమ్మిదో నాడు డ్రమ్ములో చెయ్యి పెడితే అడుగు తగిలింది. ఆ పూటకి పురుగు ఏరి గంజి కాశారు. ముఠామేస్త్రి పొయ్యి ముందు కూర్చుని కళ్ళు తుడుచుకుంది. మధ్యాహ్నం చెరుకుపల్లి నుంచి గాజులమ్మే సాయిబులావిడ వచ్చింది. ప్రతి పండక్కీ మా పల్లెకి వచ్చే మనిషే. ఆ రోజు గంపలో గాజుల కింద బియ్యం మూటలున్నాయి. తను తిరిగే పల్లెలన్నిట్లో మా సంగతి చెప్పి, వాళ్ళ ముంతలు దులిపించి పట్టుకొచ్చిందట. పైన తన ఇంటి బియ్యం మూట ఒకటి. "మా ఇళ్ళల్లో కూడా మనుషులు చచ్చిపోతారుగా అమ్మా" అంది. అత్త ఆ మూటలు చూసి, మావయ్య పోయిన నాటి నుంచి మొదటిసారి వెక్కి వెక్కి ఏడ్చింది.

మర్నాడు రేపల్లె నుంచి సర్వేయరు గొలుసూ, పటమూ పట్టుకుని దిగాడు. పటంలో డొంక నిక్షేపంగా ఉంది, బండి పోయేంత వెడల్పుతో. గొలుసు సరిగ్గా లాగలేదని ఆసామి అరిచాడు. మళ్ళీ లాగారు. రెండోసారి లాగితే ఇంకో మూరెడు ఎక్కువే తేలింది, ఇంక అరవలేదు. రాళ్ళు పాతి సర్వేయరు వెళ్ళిపోయాడు. సాయంత్రం ఆసామి పల్లె మొదట్లో నిలబడి, లోపలికి అడుగుపెట్టకుండానే, "గొడవ తీరిందిగా, పొద్దున్నే నాట్లకి రండి. దారి సంగతి కోతలయ్యాక చూసుకుందాం" అన్నాడు. "ముందు దారండి బాబుగారూ. దారైతే దాని మీదే వస్తాం" అంది అత్త. రెండు రోజులు పల్లె పల్లెంతా తట్టలతో మట్టి మోసింది. నేనూ మోశాను. పాస్టరుగారు కూడా పంచె ఎగ్గట్టి పార పట్టుకున్నాడు, ఆసామి ఇంటి వైపు వీపు పెట్టి. మూడో నాడు ముఠా ఆ కొత్త గట్టు మీదుగా నడిచి వెళ్ళి చేలో దిగింది. ముదిరిన నారు ఆ ఏడు పిలకలు సరిగ్గా వెయ్యలేదు. ఆసామి అందుకు మమ్మల్ని చచ్చేదాకా తిట్టుకున్నాడు. ఈ పలకేమో ఆయన దానం చేశాడంటుంది.

అత్త ఆ తర్వాత ఇరవై ఏళ్ళు బతికింది. ఆవిణ్ణి ఆ దారి మీదే తీసుకెళ్ళాం, రెండు వైపులా జనం నడవగా, పెట్టె ఎక్కడా ఒరక్కుండా. నేను రిటైరయ్యేదాకా ఏ కాగితం మీదా ఎవరికీ ఎదురు తిరిగి సంతకం పెట్టకుండా బతికాను. మంచి టీచరని శాలువా కప్పారు. తెనాలిలో ఇల్లు కట్టుకున్నాను. ఇప్పటికీ కుక్కర్లో బియ్యం పోసేటప్పుడు చెయ్యి దానంతటదే ఒక పిడికెడు వెనక్కి తీస్తుంది. ముంతకి బదులు స్టీలు డబ్బా.

మొన్న పండుగ నాడు అత్త సమాధికీ, మావయ్య సమాధికీ సున్నం కొట్టాక డబ్బా అడుగున కొంచెం మిగిలింది. తిరిగి వస్తూ పలక దగ్గర ఆగాను. 'స్థలదాత' అన్న మాట మీద కుంచె పెట్టి నింపాదిగా, రెండు పూతలు వేశాను. దారిన పోయే ఆడవాళ్ళు చేతుల్లో కుంచెలతో నా వెనక ఆగిపోయారు. ఎవరు చెప్పారో ఏమో, ఆసామి కొడుకు స్కూటరు మీద వచ్చేశాడు. ఆయనకీ నా వయసే. "ఏంటండీ టీచరుగారూ ఇది? మా నాన్నగారి పేరు మీద సున్నం కొడతారా?" అన్నాడు. "పేరు మీద చుక్క కూడా పడలేదు చూడండి బాబూ. దాని ముందున్న మాట వరకే కొట్టాను. ఆయన ఇవ్వలేదు, మేం పుచ్చుకున్నాం" అన్నాను. ఆయన ఫోను బయటికి తీసి, బెదిరిద్దామనే అనుకుంటాను, "కంప్లయింటు ఇస్తానండి. ఎవరి పేరు మీద ఇమ్మంటారు?" అన్నాడు. కుంచె డబ్బాలో పెట్టి, చెయ్యి కొంగుకి తుడుచుకున్నాను. నా ఇంటిపేరు, నా పేరు, బాప్తిస్మంలో పెట్టిన పేరు, మా నాన్న పేరు, మా అత్త పేరు, తెనాలిలో నా వీధి, నేను రిటైరైన బడి అన్నీ చెప్పాను. ఇంటిపేరు దగ్గర ఆయన తడబడితే, పిల్లలకి డిక్టేషన్ చెప్పినట్టు రెండోసారి నిదానంగా చెప్పాను. వెనకనున్న ఆడవాళ్ళల్లో ఒకావిడ, "నా పేరు కూడా రాసుకోండి బాబుగారూ" అంది. ఆయన ఫోను జేబులో పెట్టుకుని స్కూటరు తిప్పుకున్నాడు.

సున్నం ఎన్నాళ్ళుంటుంది? రెండు వానలు పడితే ఆ అక్షరాలు మళ్ళీ తేలతాయి. తేలనివ్వండి. వాళ్ళు ఏడాదికో చాలు చొప్పున మా డొంకని తిన్నారు, నేను ఏడాదికో పూత చొప్పున ఆ మాటని తింటాను. కాలం ఎవరి కోసమూ ఆగదంటారు గాని, రేపల్లె అర్జీ మీద నేను పెట్టకుండా దాచుకున్న సంతకం కోసం నలభై ఏళ్ళు ఓపిగ్గా ఆగింది.